ఊహాలోకానికి తగిన వాహనం

శీర్షిక: యంత్రమూ – మనమూ



ఈ శీర్షికన ఇంతవరకు పంపులు, బేరింగులు, ఇంటి వైరింగు, విద్యుత్ పొదుపు వంటి విషయాలు ముచ్చటించుకున్నాము. ఈ పర్యాయం ల్యాప్‌టాప్ ఎంపికను గురించి వ్రాయవలసి వస్తున్నది. ఈ విషయంలో నేనొక పెద్దమనిషికి తప్పుడు సలహా ఇచ్చాను. ఆ తప్పును పదిమందికీ చెప్పుకుంటే మరికొందరి సొమ్ము వృథా కాకుండా ఉంటుందని నా ఆశ.

1993లో నేను గ్రాడ్యుయేట్ ట్రైనీగా చేరినప్పుడు మోటార్ల విభాగంలో నాకు పని నేర్పినవారు ఒక సీనియర్ అధికారి. తమ పేరు అచ్చులో చూసుకోవడం వారికి ఇష్టం లేదు గనుక ఇక్కడ గురువుగారనే వ్యవహరిస్తాను. "మోటారు కాలిపోయిందని నాకు చెప్పకు, ఎందుకు కాలిపోయిందో చెప్పు" అనడం వారి అలవాటు. 2013లో పదవీ విరమణ చేశారు. 2021లో పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. చేయి చాలావరకు కోలుకున్నది. కాలు మాత్రం ఈడ్చుకుంటూ నడవవలసిందే. వాకర్ ఆసరాతో పడకగది నుండి వరండా దాకా వెళ్లి రావడమే ఆ మనిషికి ఇప్పుడు ప్రయాణం.

వారి అమ్మాయి కెనడాలోని టొరంటోలో ఉంటున్నది. 2023లో ఆమె తండ్రికి 'సెకండ్ లైఫ్' అనే ఊహాలోకాన్ని పరిచయం చేసింది. అందులో ఎవరికి వారు ఒక బొమ్మరూపం ధరించి, తోటలలో, వీధులలో, సముద్రతీరాలలో ఇతరులతో కలిసి తిరుగవచ్చు, మాట్లాడుకోవచ్చు. శనివారం మనకు సాయంత్రమైనప్పుడు అక్కడ ఉదయం. ఆ వేళ తండ్రీ కూతుళ్లిద్దరూ కలిసి నడవాలన్నది ఆ అమ్మాయి కోరిక.

గురువుగారు నాకు ఫోన్ చేసి, "ఏమయ్యా, దీనికి ఎటువంటి ల్యాప్‌టాప్ కొనాలి?" అని అడిగారు. అప్పుడు నేను షట్‌డౌన్ పనుల ఒత్తిడిలో ఉన్నాను. "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఉన్నది తీసుకోండి సార్, ఏదైనా నడుస్తుంది" అని ఒక్క వాక్యంలో తేల్చివేశాను. వారు నా మాట మీద నమ్మకంతో గడువు తీరిన ఫిక్సెడ్ డిపాజిట్‌లో నుండి 78 వేల రూపాయలు పెట్టి, సన్నగా, తేలికగా, చూడముచ్చటగా ఉన్న ఒక ల్యాప్‌టాప్ కొన్నారు.

నెల తరువాత చూడబోయాను. తెర మీద ఒక తోట. చెట్లు సగం బూడిదరంగు ముద్దలు. ఎదుట నిలబడిన మనుషుల ముఖాలు ఇంకా ఏర్పడలేదు. ల్యాప్‌టాప్ ఫ్యాను బాయిలర్ బ్లోయర్‌లా హోరెత్తుతున్నది. గురువుగారి బొమ్మ ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది, మళ్లీ కుదుపుతో ఇంకొక అడుగు వేస్తుంది. ముందు నడుస్తున్న అమ్మాయి బొమ్మ మాటిమాటికీ ఆగి వెనుదిరిగి చూస్తున్నది.

గురువుగారు నన్ను ఒక్క మాటయినా నిందించలేదు. "ఇక్కడ కూడా కాలు ఈడ్చుకుంటూనే నడుస్తున్నానయ్యా" అన్నారు. కొంతసేపయిన తరువాత మాత్రం, "నువ్వు డ్యూటీ అడగకుండా మోటారుకు ఇండెంటు పెట్టేవాడివా?" అని అడిగారు.

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు నా సంజాయిషీ.

భారం ఏమిటో ముందు తెలియాలి

పంపుకు మోటారు ఎంపిక చేసేటప్పుడు మనం మొదట ఏం అడుగుతాము? ఎంత ఎత్తుకు, ఎంత నీరు, రోజుకు ఎన్ని గంటలు, ఎంత వేడి వాతావరణంలో అని అడుగుతాము. ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం చదువుకున్నవారమే అయినా డబ్బా మీద అంటించిన చీటీ చూసి నిర్ణయిస్తున్నాము. అందుచేత ముందుగా ఈ ఊహాలోకాలు యంత్రం మీద మోపే భారం ఎటువంటిదో చూద్దాము.

'మెటావర్స్' అనే మాట 1992లో నీల్ స్టీఫెన్‌సన్ వ్రాసిన 'స్నో క్రాష్' అనే ఆంగ్ల నవలలో పుట్టింది. దానికి ఆచరణరూపం ఇచ్చినవాటిలో బాగా నిలదొక్కుకున్నది సెకండ్ లైఫ్. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ సంస్థ దీనిని 2003 జూన్‌లో ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. ఆ సంస్థ స్థాపకుడు ఫిలిప్ రోజ్‌డేల్. ఆ లోకం 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు గల చదరపు ప్రాంతాలుగా విభజింపబడి ఉంటుంది. వాటిలో కనిపించే ఇళ్లు, చెట్లు, దుస్తులు, కేశాలంకారాలు దాదాపు అన్నీ అక్కడి వినియోగదారులు స్వయంగా తయారుచేసి పెట్టినవే.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. మామూలు కంప్యూటర్ ఆటను ఒక సంస్థ తయారుచేస్తుంది. ప్రతి బొమ్మనూ తూచి, కొలిచి, అనవసరపు బరువు తగ్గించి, మొత్తం సరుకును ముందుగానే మన డిస్కులోకి ఎక్కిస్తుంది. అది తనిఖీ విభాగం దాటి వచ్చిన సామగ్రి వంటిది. ఊహాలోకంలో అటువంటి తనిఖీ చాలా స్వల్పం. ఉత్సాహవంతుడైన ఒక వినియోగదారుడు చొక్కా గుండీకి కూడా గోడకు సరిపడేంత పెద్ద చిత్రాన్ని అతికించవచ్చు. పైగా ఆ సరుకంతా మనం నడుస్తూ ఉండగా ఇంటర్నెట్ ద్వారా అప్పటికప్పుడు వచ్చి పడుతుంది. కాబట్టి, "ఫలానా పెద్ద ఆట నడిచింది, ఇదెందుకు నడవదు?" అన్న వాదన చెల్లదు.

ఇంజనీర్లము గనుక ఒక చిన్న లెక్క వేద్దాము. ఒక వస్తువు మీద పరచిన చిత్రం 1024 చుక్కల పొడవు, 1024 చుక్కల వెడల్పు ఉన్నదనుకుందాము. ఒక్కొక్క చుక్కకు 4 బైట్లు. మొత్తం 41,94,304 బైట్లు, అంటే 4 మెగాబైట్లు. దూరం నుండి చూసినప్పుడు వాడుకోవడానికి అదే చిత్రానికి చిన్న ప్రతులు కూడా ఉంటాయి. వాటితో కలిపి మూడో వంతు పెరిగి సుమారు 5.3 మెగాబైట్లవుతుంది. ఒక సంత వంటి చోట మన చుట్టూ అటువంటి చిత్రాలు 500 ఉండటం వింత కాదు. అవే 2.6 గిగాబైట్ల పైచిలుకు. 1000 అయితే 5.2 గిగాబైట్లు. ఇవి వచ్చేటప్పుడు జేపెగ్ 2000 పద్ధతిలో మడతపెట్టుకుని చిన్నవిగా వస్తాయి. వాటిని విప్పే కూలి ప్రాసెసర్‌ది. విప్పినవాటిని పరచుకునే చోటు గ్రాఫిక్స్ చిప్పు సొంత జ్ఞాపకశక్తి, అంటే వీడియో ర్యామ్.

మరొక లెక్క. మనకు ఎంత దూరం కనపడాలో నిర్ణయించే అమరికను డ్రా డిస్టెన్స్ అంటారు. దానిని 64 మీటర్ల నుండి 128 మీటర్లకు పెంచితే దృశ్యం రెండింతలయిందని చాలామంది భావిస్తారు. వైశాల్యం వ్యాసార్ధం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక భారం సుమారు నాలుగింతలు. 256 మీటర్లకు పెంచితే పదహారింతలు. వీటికి నీడలు, నీటిలో ప్రతిబింబాలు తోడవుతాయి. 2023 చివరిలో సెకండ్ లైఫ్‌లో లోహం, గాజు, తడినేల వంటివాటి మీద వెలుతురు సహజంగా పడేటట్లు చూపించే కొత్త పద్ధతిని ప్రవేశపెట్టారు. చూడటానికి ఎంతో బాగుంటుంది. పాత యంత్రాలకు అది అదనపు బరువు. ఇక తలకు పరికరం తొడుక్కుని చూసే వీఆర్‌చాట్ వంటి లోకాలలో రెండు కళ్లకూ వేర్వేరుగా దృశ్యం గీయవలసి వస్తుంది గనుక భారం ఇంకా ఎక్కువ.

నేమ్‌ప్లేటు చెప్పే నిజం, దాచే నిజం

గురువుగారు కొన్న యంత్రంలో ఐ7 ఉన్నమాట నిజం. అయితే ఆ పేరు చివర 'యు' అనే అక్షరం ఉన్నది. ఇంటెల్ 13వ తరం చిప్పులలో యు తరగతివి 15 వాట్ల మూల సామర్థ్యానికి రూపొందినవి. హెచ్ తరగతివి 45 వాట్లు, హెచ్‌ఎక్స్ తరగతివి 55 వాట్లు. యు తరగతి చిప్పు కూడా కొన్ని క్షణాలపాటు 55 వాట్ల వరకు ఎగబాకగలదు. దుకాణంలో ఒక ఫైలు తెరిచి చూపినప్పుడు మెరుపులా కనిపించేది ఆ కొన్ని క్షణాల వేగమే. పది నిమిషాలు గడిచేసరికి వేడెక్కి, తన అసలు స్థాయికి దిగివస్తుంది.

మోటార్ల భాషలో ఇది మనకు కొత్త కాదు. నిరంతరం నడిచే మోటారు ఎస్1 డ్యూటీ. కొద్దిసేపు నడిచి చల్లబడవలసినది ఎస్2 డ్యూటీ. ఎస్2 మోటారును కన్వేయర్‌కు బిగించి, నేమ్‌ప్లేటు మీద కిలోవాట్లు సరిపోయాయి కదా అంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఊహాలోకంలో రెండు గంటలు విహరించడం నూటికి నూరుపాళ్లు ఎస్1 డ్యూటీ. నేను సూచించినది ఎస్2 యంత్రం. నా పొరపాటు సారాంశం ఇంతే.

రెండవ లోపం మరింత పెద్దది. ఆ ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ చిప్పే లేదు. ప్రాసెసర్‌లో అంతర్భాగమైన చిన్న గ్రాఫిక్స్ భాగమే అంతటినీ గీయాలి. దానికి సొంత వీడియో ర్యామ్ ఉండదు, మామూలు ర్యామ్‌నే పంచుకుంటుంది. ఆ ర్యామ్ కూడా ఒకే పలకగా ఉన్నది. రెండు పలకలు జతగా ఉంటే రెండు వరుసల రోడ్డు, ఒక్కటే ఉంటే ఒంటి వరుస రోడ్డు. 16 జీబీ అని లెక్క సరిపోయింది గాని రోడ్డు ఇరుకై బండ్లు నిలిచిపోయాయి.

గ్రాఫిక్స్ చిప్పు విడిగా ఉన్నంత మాత్రాన కూడా నిశ్చింతగా ఉండరాదు. ఎన్‌విడియా వారి ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్పునే తీసుకుందాము. తయారీదారు దానికి 35 వాట్ల నుండి 115 వాట్ల వరకు ఏ స్థాయి విద్యుత్తునైనా కేటాయించవచ్చు. అంటే ఒకే పేరుతో రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన ఉండి, ఒకదానిలో ఆ చిప్పుకు మరొకదానిలో కన్న మూడో వంతు మేత కూడా అందకపోవచ్చు. పేరు ఒకటే, పని ఒకటి కాదు. అదేవిధంగా బల్ల మీది కంప్యూటర్లో వాడే ఆర్‌టీఎక్స్ 4070కు 12 జీబీ వీడియో ర్యామ్ ఉంటే, అదే పేరుగల ల్యాప్‌టాప్ చిప్పుకు 8 జీబీ మాత్రమే. 2025లో వచ్చిన 50 శ్రేణిలోనూ 5060, 5070 ల్యాప్‌టాప్ చిప్పులు రెండింటికీ 8 జీబీయే. ఎక్కువ ధర పెట్టి పెద్ద అంకె కొన్నామని సంతోషించేలోపల వీడియో ర్యామ్ ఎంతో అడిగి తెలుసుకోవాలి.

ఏ భాగం ఎంత ఉండాలి

ఇంతవరకు చెప్పినదాని నుండి తేలిన కొలతలు ఇవి. ఇవి సెకండ్ లైఫ్ తరహా లోకాలలో ఒకటి రెండు గంటలపాటు నిలకడగా తిరిగేందుకు నా అనుభవంలో సరిపోయినవి.

గ్రాఫిక్స్ చిప్పు విడిగా ఉండాలి. వీడియో ర్యామ్ 6 జీబీ కనీసం, 8 జీబీ మేలు. పైన వేసిన లెక్క ప్రకారం 4 జీబీ అనేది సంత దాటేసరికి నిండిపోతుంది. నిండిన తరువాత చిత్రాలు మసకబారడం, మళ్లీ మళ్లీ లోడ్ కావడం మొదలవుతుంది.

ప్రాసెసర్ విషయంలో కోర్ల సంఖ్య చూసి మురిసిపోవద్దు. సెకండ్ లైఫ్ చూపించే సాఫ్ట్‌వేర్‌లో దృశ్యాన్ని కూర్చే ముఖ్యమైన పని ఎక్కువగా ఒకే కోరు మీద పడుతుంది. పదిమంది కూలీలున్నా గుమ్మం ఒక్కటే అయినప్పుడు, ఆ గుమ్మంలో నిలబడినవాడి చురుకుతనమే ముఖ్యం. అందుచేత ఒక్కొక్క కోరు వేగంగా ఉండి, ఆ వేగాన్ని గంటసేపు నిలుపుకోగల హెచ్ తరగతి చిప్పు తీసుకోవాలి. ఏఎమ్‌డీ వారి రైజెన్‌లోనూ యు అనే అక్షరం కనిపిస్తే ఇదే జాగ్రత్త వహించాలి.

ర్యామ్ 16 జీబీ, రెండు పలకలుగా. పలక మార్చుకునే వీలున్న నమూనా అయితే భవిష్యత్తులో 32 జీబీకి పెంచుకోవచ్చు. కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించివేస్తారు. కొన్నదే కడదాకా. డిస్కు ఎస్‌ఎస్‌డీయే కావాలి. ఒకసారి చూసిన చిత్రాలను సాఫ్ట్‌వేర్ అందులో దాచుకుని, మళ్లీ అక్కడికి వెళ్లినప్పుడు త్వరగా తీసి చూపిస్తుంది.

తెర విషయంలో తక్కువే ఎక్కువ. 1920కి 1080 చుక్కల తెర చాలు. అంతకు రెట్టింపు కొలతలున్న తెరలో చుక్కలు నాలుగింతలు, ప్రతి చుక్కనూ గీయవలసింది అదే చిప్పు. సెకనుకు 30 దృశ్యాలు నిలకడగా వస్తే నడక సాఫీగా కనిపిస్తుంది. గురువుగారి మొదటి యంత్రంలో నేను చూసిన అంకె 7.

వేడి మాట మరువరాదు

హెచ్ తరగతి ప్రాసెసర్ 45 వాట్లు, గ్రాఫిక్స్ చిప్పు 115 వాట్లు. మొత్తం 160 వాట్ల వేడి, ఒక పుస్తకమంత పెట్టెలో. ఆ వేడిని బయటికి నెట్టడానికి చోటు, రాగి గొట్టాలు, ఫ్యానులు కావాలి. అందుచేత ఈ పనికి తగిన ల్యాప్‌టాప్ కాస్త లావుగా, బరువుగా ఉండక తప్పదు. సన్నదనం కోరుకోవడం తప్పు కాదు. సన్నదనమూ బలమూ ఒకే ధరలో కోరుకోవడమే తప్పు.

మన మోటార్లకు 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత ప్రమాణం. చాలా ల్యాప్‌టాప్‌ల తయారీదారులు తమ యంత్రాలకు చెప్పే గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలే. మే నెలలో మన జిల్లాలలో పాదరసం 45 దాటడం అందరికీ అనుభవమే. ఆ రోజులలో మధ్యాహ్నం గదిని చల్లబరచకుండా పని చేయిస్తే చిప్పు తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దానిని యంత్రం లోపంగా భావించరాదు. డీరేటింగ్ అనేది ప్రకృతి ధర్మం.

ఇంకొక హెచ్చరిక. చాలా ల్యాప్‌టాప్‌లు గాలిని అడుగు నుండి పీల్చుకుంటాయి. పరుపు మీదో, దిండు మీదో, దుప్పటి మీదో పెడితే ఆ దారి మూసుకుపోతుంది. మంచం మీదనే వాడవలసిన వృద్ధులు, రోగులు తప్పనిసరిగా కాళ్లున్న చెక్క పీటను గాని లోహపు స్టాండును గాని వాడాలి. గురువుగారికి మా వడ్రంగి మిత్రుడు అటువంటి పీటను తయారుచేసి ఇచ్చాడు.

వీటన్నిటికీ ఒక తేలిక గుర్తు చెబుతాను. ల్యాప్‌టాప్ మీది రంగుల చీటీని వదిలి, దాని అడాప్టరును తిరగేసి చూడండి. అడాప్టరు మీద 65 వాట్లు అని ఉంటే, డబ్బా మీద ఏమి వ్రాసి ఉన్నా ఆ యంత్రం 160 వాట్ల పని నిలకడగా చేయలేదు. 180, 200, 230 వాట్లు ఉన్నదంటే తయారీదారు గట్టిభారానికి సిద్ధపడ్డాడని అర్థం. నాకు తెలిసినంతలో ల్యాప్‌టాప్‌కు నిజాయితీగల నేమ్‌ప్లేటు అదే.

యంత్రం మీద నెట్టకూడని నేరాలు

కుదుపులన్నిటికీ ల్యాప్‌టాప్‌నే దోషిని చేయడం న్యాయం కాదు. నేరం ఎవరిదో తేల్చడానికి సెకండ్ లైఫ్‌లోనే ఒక సాధనం ఉన్నది. కంట్రోల్, షిఫ్ట్, 1 మీటలు కలిపి నొక్కితే ఒక గణాంక పట్టిక తెరుచుకుంటుంది. అందులో ఎఫ్‌పీఎస్ తక్కువగా ఉంటే లోపం మన యంత్రంలో ఉన్నది. ప్యాకెట్ లాస్ కనిపిస్తే మన ఇంటి కనెక్షన్‌ను అనుమానించాలి. టైమ్ డైలేషన్ 1 నుండి బాగా దిగజారితే అవతలి సర్వర్ ఆయాసపడుతున్నదన్నమాట. దానికి మనం చేయగలిగినది వేరే చోటికి వెళ్లడమే.

పింగ్ అనే అంకె గురించి రెండు మాటలు. సెకండ్ లైఫ్ సర్వర్లు అమెరికాలో ఉన్నాయి. ఆ దేశపు పశ్చిమ తీరం మనకు సుమారు 13 వేల కిలోమీటర్ల దూరం. గాజుతంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. సరళరేఖలో తంతువు వేసినా వెళ్లి రావడానికి 130 మిల్లీసెకన్లు పట్టితీరుతుంది. తంతువులు సముద్రాల అడుగున వంకరలు తిరుగుతూ పోతాయి గనుక 200 నుండి 300 మిల్లీసెకన్లు కావడం మామూలే. ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్ కొన్నా ఇందులో ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు. దుకాణంలో ఎవరైనా తగ్గుతుందని చెబితే నమస్కారం పెట్టి బయటికి రండి. వైఫై బదులు కేబుల్ తగిలించుకుంటే మాత్రం ఇంటి లోపలి ఒడుదుడుకులు తగ్గుతాయి.

విడి గ్రాఫిక్స్ చిప్పు ఉండి కూడా నడక మందకొడిగా ఉంటే ఒక విషయం పరీక్షించండి. అటువంటి ల్యాప్‌టాప్‌లలో చిన్న గ్రాఫిక్స్, పెద్ద గ్రాఫిక్స్ రెండూ ఉంటాయి. విద్యుత్ పొదుపు కోసం విండోస్ ఒక్కొక్కసారి చిన్నదానికే పని అప్పగిస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, దానిలో గ్రాఫిక్స్ అనే చోటికి వెళ్లి, ఆ సాఫ్ట్‌వేర్‌కు హై పెర్ఫార్మెన్స్ అని నిర్దేశించాలి. అడాప్టరు తగిలించే నడపాలి. బ్యాటరీ మీద ఇటువంటి ల్యాప్‌టాప్‌లు సాధారణంగా పూర్తి బలం చూపవు.

కొనేముందు అడగవలసినవి

మొదటిది, విడి గ్రాఫిక్స్ చిప్పు పేరేమిటి, దాని వీడియో ర్యామ్ ఎంత?

రెండవది, ఈ నమూనాలో ఆ చిప్పుకు కేటాయించిన వాట్లెన్ని? ఇది తయారీదారు వివరపత్రంలో ఉంటుంది. దుకాణదారుకు తెలియకపోతే వివరపత్రం తెరిపించి చదవండి.

మూడవది, ప్రాసెసర్ పేరు చివరి అక్షరమేమిటి?

నాల్గవది, ర్యామ్ ఒక పలకా, రెండా? పెంచుకునే వీలున్నదా?

ఐదవది, అడాప్టరు ఎన్ని వాట్లు?

ఆరవది, అరగంటసేపు భారం మీద నడిపి చూపిస్తారా? మొదటి ఐదు నిమిషాల వేగం ముఖ్యం కాదు, ముప్పయ్యవ నిమిషపు వేగం ముఖ్యం. మన వర్క్‌షాపులో హీట్ రన్ లేకుండా రివైండింగ్ చేసిన మోటారును తీసుకుంటామా?

పాతది కొనదలచిన వారికి ఒక మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 నడవని పాత యంత్రం ఎంత చవకగా వచ్చినా ఆలోచించి తీసుకోవాలి.

ఇంట్లో ఇప్పటికే ఉన్న ల్యాప్‌టాప్‌తో సర్దుకోదలచినవారు డ్రా డిస్టెన్స్‌ను 64 మీటర్లకు తగ్గించి, నీడలు ఆపివేసి, దగ్గరలోని మనుషులలో పూర్తి వివరంగా చూపించవలసిన వారి సంఖ్యను తగ్గించుకోవాలి. కొనుగోలు ఆలోచన దీని తరువాతనే.

ఆ తరువాత ఏమి జరిగింది

గురువుగారి మొదటి యంత్రానికి కూడా నేను ఈ చికిత్సలన్నీ చేశాను. రెండవ ర్యామ్ పలక వేయించాను. 7 ఉన్న అంకె 15 దాకా వచ్చింది. తోట కనిపించింది గాని, పదిమంది గుమిగూడిన చోటికి పోతే మళ్లీ కాలు ఈడ్వడమే. బల్ల మీది కంప్యూటర్ కొంటే అదే ధరకు ఎక్కువ బలం వచ్చేది. అయితే వారు కుర్చీలో గంటసేపు కూర్చోలేరు, మంచం మీద పీట పెట్టుకుని వాడవలసిందే. కనుక మళ్లీ ల్యాప్‌టాప్ తప్పలేదు.

2024లో ఆ మొదటి యంత్రాన్ని వారి బంధువుల అబ్బాయి కాలేజీ చదువు కోసం 40 వేలకు తీసుకున్నాడు. అతనికి అది చక్కగా సరిపోయింది. యంత్రంలో లోపం లేదు, దానిని పెట్టిన పనిలోనే లోపం. పోయిన 38 వేలు నా ఒక్క వాక్యం ఖరీదు. ఆ సొమ్ము నేను ఇస్తానంటే గురువుగారు ఒప్పుకోలేదు. "డబ్బు వద్దు, ఈసారి స్పెసిఫికేషన్ కాగితం మీద వ్రాసి పట్టుకురా" అన్నారు.

వ్రాశాను. డ్యూటీ: వారానికి ఒకసారి, రెండు గంటలు నిరంతరం. పరిసరం: ఏసీ లేని పడకగది. స్థానం: మంచం మీది పీట. పాత మోటారు ఇండెంటులా ఒక పేజీ అయింది. ఆ కాగితం పట్టుకుని దుకాణానికి నేనే వెళ్లాను. ఆర్‌టీఎక్స్ 4060 అన్న పేరుతోనే రెండు నమూనాలు చూపించారు. సన్ననిది అందంగా ఉన్నది. వివరపత్రాలు చదివి, ఎక్కువ వాట్లున్న లావుపాటిదే తీసుకున్నాము. ధర లక్షా 4 వేలు.

మొన్న ఒక శనివారం సాయంత్రం వారింటికి వెళ్లినప్పుడు తండ్రీ కూతుళ్లు ఒక సముద్రతీరాన నడుస్తున్నారు. పట్టికలో అంకె 40 చుట్టూ ఆడుతున్నది. అమ్మాయి బొమ్మ ఒక్కసారి కూడా ఆగి వెనుదిరిగి చూడవలసిన అవసరం రాలేదు. కొంతసేపటికి గురువుగారి బొమ్మే ముందుకు సాగిపోయి, ఒక మలుపు దగ్గర నిలబడి కూతురు కోసం ఎదురుచూసింది.

నేను బాగున్నదని మురిసిపోతూ ఉంటే, గురువుగారు తెర మీద నుండి చూపు తిప్పకుండానే, "అంతా బాగానే ఉన్నదయ్యా. ఎండాకాలానికి ఆంబియెంట్ లెక్క వేశావా?" అన్నారు. లేచి వెళ్లి గదిలో కిటికీ ఎటువైపు ఉన్నదో చూసి వచ్చాను.

పాఠకులు ఇటువంటి కొనుగోళ్లపై తమ సందేహాలను సంపాదక విభాగం ద్వారా నాకు పంపవచ్చును. ఒక్కటే మనవి. ఏ కంపెనీది మంచిది అని అడగవద్దు. ఎవరు వాడతారు, ఏ పనికి, ఎన్ని గంటలు, ఎటువంటి గదిలో, ఎంత సొమ్ముతో అన్నవి ముందుగా వ్రాయండి. ఫోనులో ఒక్క వాక్యంతో సలహా చెప్పడం నేను మానుకున్నాను.